బొంగరం ప్రాక్టీసు

బూట్లు వేసుకోవడానికి బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకునే మనిషి ఈ లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో గానీ, బొంగరం వాళ్ళమ్మ మాత్రం రోజూ తెల్లవారకముందే అదే పని చేసేది. దొంగతనానికి బయల్దేరినవాడు కూడా అంత జాగ్రత్త పడడు. కొళాయి సన్నగా తిప్పి, ఆ చప్పుడు చాటున లేసులు బిగించుకుని, ఊపిరి బిగబట్టి పిల్లిలా హాల్లోకి వచ్చేసరికి ఎదురుగా సోఫా మీద బొంగరం కూర్చుని ఉండేది. జుట్టు పిచ్చుకగూడులా ఉండేది. గౌను తిరగేసి ఉండేది. కాళ్ళకి మాత్రం బూట్లుండేవి, అవీ కుడిది ఎడమకి, ఎడమది కుడికి.

"నేనూ వస్తా."

"ఎక్కడికే? పడుకో."

"నిద్రయిపోయింది."

"సగం నిద్రలో లేచిన పిల్లలు పొడుగవరు."

"నాకు పొడుగొద్దు. పరుగు కావాలి."

ఆరేళ్ళ పిల్లతో ఆ వేళప్పుడు వాదన పెట్టుకుని గెలిచిన తల్లి ఎవరైనా ఉంటే ఆమెకి దండం పెట్టాలి. బొంగరం అన్న పేరు వాళ్ళ నాన్న పెట్టాడు. నిలబడమంటే తిరుగుతుంది, కూర్చోమంటే కుర్చీతో సహా తిరుగుతుంది. అన్నం తినేటప్పుడు కూడా ముద్దకీ ముద్దకీ మధ్య బల్ల చుట్టూ ఓ చుట్టు చుట్టి రావాల్సిందే. ఏదైనా పట్టుకుందంటే మాత్రం ఉడుంపట్టే. ఇప్పుడు పట్టుకున్నది అమ్మ పరుగుని.

అమ్మకి ఆ పరుగు ఎందుకంత ప్రాణమో చెప్పాలంటే ముందు ఆమె ఉద్యోగం గురించి చెప్పాలి. బట్టలుతికే మెషిన్లు అమ్మే కంపెనీలో ఫోనెత్తే పని. చెవులకి హెడ్‌ఫోన్, నోటి ముందు మైకు, ఎదురుగా స్క్రీను. ఊళ్ళో నీళ్ళు కారే మెషిన్లన్నిటికీ ఆమే స్వయంగా వెళ్ళి చిల్లు పెట్టివచ్చినట్టు జనం తిడుతుంటే, "మీ ఇబ్బంది అర్థమైందండీ" అంటూ ఉండాలి. లేచి నాలుగడుగులు వేద్దామంటే హెడ్‌ఫోన్ వైరు వెనక్కి లాగుతుంది. అందుకని బల్ల కింద ఆమె కాళ్ళు వాటంతటవే ఊగుతుండేవి. "తల్లీ, నీ కాళ్ళ పుణ్యమా అని నా టీ ఒలికిపోతోంది" అని పక్క సీటామె రోజూ ఓసారైనా మొత్తుకునేది. సాయంత్రం ఇంటికొస్తే ఇక్కడ ఇంకో ఫోను. దీనికి వైరు లేదు, పెట్టేసే మీటా లేదు. అమ్మా, నా పెన్సిలేది? అమ్మా, చేపలు నిద్రపోతాయా? అమ్మా, ఇటు చూడు. అమ్మా, చూడలేదు నువ్వు.

ఇక ఆ ఇంటి నాన్నది బేకరీలో రాత్రి పని. ఊరంతా పడుకున్నాక పిండి కలిపి, ఊరు లేచేలోపల రొట్టెలు కాల్చి, చీకటి పలచబడుతుండగా మొదటి బస్సులో ఇంటికి చేరతాడు. ఆయన లోపలికి, ఆమె బయటికి. "గుమ్మంలో భుజం భుజం తగలడమే మన కాపురం" అని ఆయన జోకు. ఆయనొచ్చాడా, పిల్ల కాపలా ఆయనది. ఆ కాస్సేపూ ఆమె ఎవరికీ ఏమీ కాదు. భార్య కాదు, అమ్మ కాదు, మీ ఇబ్బంది అర్థమైందండీ కాదు. అపార్టుమెంటు గేటు దాటి, లాండ్రీ మీదుగా మూల తిరిగి, బస్సు డిపో గోడ పక్కనుంచి, బడి మైదానం చుట్టి మళ్ళీ తమ కిటికీ కిందికి. మొదటి చుట్టులో ఒళ్ళు విసుక్కునేది. రెండో చుట్టుకి కుదుటపడేది. ఆ తర్వాత ఏమయ్యేదో ఆమెకే తెలియదు. ఎవరూ ఏమీ అడగరు, తనూ ఎవరికీ జవాబు చెప్పదు. అంతే. అంతమాత్రానికే లోపల ఏదో ముడి విడిపోయేది.

అందులోకి బొంగరం వస్తానంటోంది. వస్తే ఏం జరుగుతుందో కూడా ఆమెకి తెలుసు, ఎందుకంటే ఓ ఆదివారం పోరు పడలేక తీసుకెళ్ళింది. గేటు దాటగానే లేసు ఊడింది. లాండ్రీ దగ్గర దాహమైంది. మూల మీద ఓ కుక్కపిల్లతో పరిచయమైంది, దాని పేరేమిటో కనుక్కోవాల్సి వచ్చింది. డిపో గోడ సగానికొచ్చేసరికి కడుపులో నొప్పి, అది తగ్గేసరికి ఒంటికి, ఆ పైన కాళ్ళు పనిచెయ్యడం మానేశాయి. ఎత్తుకోమంది. ఆ రోజు ఆమె పరిగెత్తింది తక్కువ, మోసింది ఎక్కువ. ఇంటికొచ్చాక బొంగరం నాన్న గుండెల మీదెక్కి, "అమ్మ కంటే నేనే ఎక్కువ పరిగెత్తా" అని చెప్పింది.

మర్నాడు సాయంత్రం ఆమెకో గొప్ప ఉపాయం తట్టింది. గొప్ప ఉపాయాలు ఎప్పుడూ ఒళ్ళు అలసిన సాయంత్రాలే తడతాయి, అందుకే అవి అలా తగలడతాయి.

"ఊరికే వచ్చేస్తే సరిపోదే. ముందు ప్రాక్టీసు చెయ్యాలి. అందరూ ప్రాక్టీసు చేశాకే పరిగెత్తుతారు" అంది.

"నువ్వు చేశావా?"

"ఎంత చేశానని!"

అలా మొదలైంది. లిఫ్టు దగ్గర్నుంచి మెట్లదాకా వాళ్ళ అంతస్తులో పొడుగాటి వసారా ఉంది. సాయంత్రం వంటకి ముందు అందులో ఇటూ అటూ పరుగు. ముందు బొంగరం, వెనక అమ్మ. ఆదివారం నాటి కోపమంతా గుర్తుపెట్టుకుని ఆమె నియమాలు కూడా పెట్టింది. మధ్యలో ఆగకూడదు. ఎవరేమన్నా పలక్కూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. చూశావా, ఓడిపోయినట్టే.

పరీక్షించడం కూడా ఆమె పనే. వెనకాల పరిగెత్తుతూ, "ఆగవే, నీ రిబ్బను పడిపోయింది!" అని అరిచేది. "అదిగో పిల్లి! అయ్యో, ఆగు, దెబ్బ తగులుతుంది! నాన్నొచ్చాడే, చూడు!" మొదట్లో బొంగరం ప్రతి మాటకీ తిరిగి చూసి, ఓడిపోయి, గోడకి ఆనుకుని ముక్కు ఎగబీల్చేది. పోనుపోను గట్టిపడింది. ఆగు అన్నకొద్దీ కాళ్ళు జోరందుకునేవి. ఎంత పెద్ద గొంతుతో పిలిస్తే అంత వేగం. చివరికి అమ్మే ఆయాసపడి మెట్ల మీద చతికిలబడేది. వెనక అడుగుల చప్పుడు ఆగిపోగానే బొంగరం గిర్రున తిరిగి, "ఓడిపోయావ్! ఓడిపోయావ్!" అని చప్పట్లు కొట్టేది.

"ఇంక రేపు వస్తా కదా?"

"ఇంకా రాలేదే నీకు. కొంచెం ఉంది."

"ఎంత ఉంది?"

"కొంచెం."

ఆ కొంచెం ఎప్పటికీ అయిపోదని ఆమెకి తెలుసు. ప్రాక్టీసు పెట్టింది పిల్లని అలవగొట్టడానికి. అలిసిపోతే పొద్దున లేవదు. నిజంగానే లేవడం మానేసింది, కనీసం అమ్మ అలాగే అనుకుంది. బాత్రూములో దొంగతనాలు తప్పాయి. సోఫా మీద కూర్చుని దర్జాగా లేసులు కట్టుకుంటోంది. తన తెలివికి తనే మురిసిపోయి పక్క సీటామెకి కూడా చెప్పింది. "నువ్వు అసాధ్యురాలివి" అందామె.

బొంగరం నాన్నకి మాత్రం ఇది నచ్చలేదు. ఓ రోజు పొద్దున్నే గుమ్మంలో చేతిసంచీ దించుతూ అన్నాడు, "పాపం, రోజూ నన్ను అడుగుతోంది, ప్రాక్టీసు ఎప్పుడైపోతుందని. తీసుకెళ్ళరాదూ ఓసారి?"

"తీసుకెళ్ళా కదా ఆదివారం. చూశావు కదా."

"దాన్ని తీసుకెళ్ళడం కష్టమా, ఇష్టం లేదా?"

ఆమె లేసు కట్టుకుంటున్నది కట్టుకుంటున్నట్టే ఆగింది. "ఇష్టం లేదు" అంది.

 ఆయన కనుబొమల మీద పిండి ఇంకా అలాగే ఉంది. "సరే, వెళ్ళిరా" అని పక్కకి తప్పుకున్నాడు. ఆ పూట ఆమెకి మూడో చుట్టులో కూడా ముడి విడిపోలేదు. కన్నబిడ్డ రావడం ఇష్టం లేదని నోరు తెరిచి చెప్పిన తల్లిని తనేనని కాసేపు సిగ్గుపడింది. కానీ అది నిజం కాదని తనకి తాను కూడా చెప్పుకోలేకపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఓ రోజు ఆఫీసులో ఒకాయన గంటసేపు తిట్టాడు. మధ్యలో ఫోను పెట్టెయ్యకూడదు, అది కంపెనీ పద్ధతి. ఆయన తిట్టి తిట్టి అలిసిపోయి, చివర్లో "మీరేం మాట్లాడరేమిటి?" అని దానికీ తిట్టాడు. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. కాళ్ళు దుప్పటిని తన్నుతూనే ఉన్నాయి. ఎప్పుడు తెల్లవారుతుందా అని చూసి చూసి, లేచి, బూట్లేసుకుని, కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరుగుతుంటే ఫోను మోగింది.

"పొద్దుటి పనివాడు ఇంకా రాలేదు. పొయ్యిలో రొట్టెలున్నాయి. రెండో బస్సుకొస్తా" అన్నాడు బొంగరం నాన్న.

"అంటే నేనివాళ వెళ్ళడానికి వీల్లేదా?"

"నేనేం చెయ్యను? వదిలేస్తే మాడిపోతాయి."

ఫోను పెట్టేసి సోఫాలో కూర్చుంది. లేచింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. కిటికీ తెరిచింది. బయట గాలి చల్లగా, వీధి ఖాళీగా, రారమ్మన్నట్టుంది. గదిలోకి తొంగిచూసింది. బొంగరం మంచానికి అడ్డంగా పడి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నిన్న సాయంత్రం ప్రాక్టీసు గట్టిగానే జరిగింది, ఇప్పట్లో లేవదు. ఒక్క చుట్టు. ఒక్క చుట్టుకి ఏమవుతుంది? ప్రతి చుట్టుకీ కిటికీ కిందికి రానే వస్తాను కదా. బయటనుంచి తాళం వేద్దామా అనుకుంది. పిల్లని లోపల పెట్టి తాళం వెయ్యడానికి మనసొప్పక ఊరికే లాగింది. తలుపు టక్కున పడింది. లోపలి గుబ్బ తిప్పితే తెరుచుకుంటుంది, కానీ అది పిల్లకి అందదు. అనుకుంది.

ఒక్క చుట్టు అన్నది రెండయింది. రెండుసార్లూ తల ఎత్తి చూసింది, కిటికీ పరదా కదల్లేదు. రెండో చుట్టు తర్వాత ఆ తిట్టినాయన గొంతు చెవుల్లోంచి జారిపోయింది. ఒంట్లోకి హాయి వచ్చింది. ఇంకొక్కటి, అనుకుంది. మూడో చుట్టు ముగించుకుని కిటికీ కిందికి వచ్చి తల ఎత్తేసరికి పరదా పక్కకి తీసి ఉంది. గదిలో దీపం వెలుగుతోంది. కిటికీలో ఎవరూ లేరు.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకి తెలియదు. తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో వంటింటి స్టూలు. మంచం కింద బొంగరం బూట్లు లేవు.

 మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి లాండ్రీ తాతయ్య కొట్టు బయట కుర్చీ వేసుకుని పళ్ళు తోముకుంటున్నాడు. ఈమె మొహం చూసి లేచాడు.

"ఏమ్మా? మీ బొంగరం ఇందాకే ఇటు పోయింది కదా. నువ్వు ముందెళ్ళావు, కాసేపటికి అది. ఇద్దరూ కలిసే బయల్దేరారనుకున్నా. ఆగవే బుజ్జీ, అమ్మ వస్తుంది అన్నా. నా మొహం కూడా చూడలా. ఇంకా జోరుగా పోయింది!"

అప్పటికే ఆమె మూల దాటింది. ఇన్నాళ్ళుగా ఎందుకు పరిగెత్తిందో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. మూల తిరగ్గానే డిపో గోడ. పొడుగాటి బూడిదరంగు గోడ, మధ్యలో గేటు. పొద్దున పూట బస్సులన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ గేట్లోంచే బయటికొస్తాయి. రెండు పక్కలా గోడే కాబట్టి బస్సు మూతి రోడ్డు మీదికి వచ్చేదాకా డ్రైవరుకి ఇటువైపు ఎవరున్నారో కనబడదు. తనే రోజూ అక్కడ ఆగి, తొంగిచూసి, అప్పుడు దాటేది.

గోడ పక్కన బొంగరం కనబడింది. మోచేతులు రెండూ ఎగరేసుకుంటూ, గౌను వెనక ముడి ఊడి తోకలా వేలాడుతుంటే, గేటు వైపు పరిగెత్తుతోంది. గేటు ఇక ఎంతో దూరం లేదు. లోపల్నుంచి ఇంజను మోత వినబడుతోంది.

"బొంగరం! ఆగు!"

పిల్ల కాళ్ళు జోరందుకున్నాయి.

"ఆగవే! బస్సు! బస్సొస్తోందే, ఆగు!"

ఇంకా జోరు. తల కొంచెం కూడా ఇటు తిరగలేదు. మెడ బిర్రబిగించి, భుజాలు ముందుకి వంచి, వసారాలో నేర్పినదంతా ఒక్క తప్పు లేకుండా చేస్తోంది.

అప్పుడు అర్థమైంది తల్లికి. తను అరిచిన ప్రతి అరుపూ పిల్లని ఆ గేటు వైపు నెడుతోంది. అరుపొక్కటే కాదు, వెనకాల తన అడుగుల చప్పుడూ నెడుతోంది. పరిగెత్తి అందుకోగలదా? పిల్ల గేటు చేరేలోపల అందుకోలేదు. ఎంత లెక్కవేసినా అందుకోలేదు. ఒంట్లో ప్రతి నరమూ పరిగెత్తు, పరిగెత్తు అని తొందరపెడుతోంది. ఆ తల్లి ఆగిపోయింది.

ఆగడమంటే ఊరికే ఆగడం కాదు, రోడ్డు మీద కూలబడింది. అరిచే నోటిని రెండు చేతులతో మూసుకుంది. కాళ్ళు ఇంకా లేవబోతుంటే ఒంటి బరువంతా వేసి అదిమిపెట్టింది. బిడ్డ చావు వైపు పరిగెత్తుతుంటే కదలకుండా, పలక్కుండా కూర్చోవడం ఎంత నరకమో ఆ కాస్సేపట్లో ఆమెకి తెలిసింది. బొంగరం ఇంకా పోతోంది. ఇంకో అడుగు. ఇంకో అడుగు. ఇంకో అడుగు.

వెనక చప్పుడు లేదని తెలిసి పిల్ల నెమ్మదించింది. గిర్రున తిరిగింది.

"ఓడిపోయావ్!" అని రెండు చేతులూ పైకెత్తి గెంతింది. దాని వీపు వెనకనుంచి, గోడ చాటులోంచి బస్సు మూతి బయటికొచ్చింది. ఆ గాలికి గౌను ఎగిరింది. డ్రైవరు హారను కొట్టి, ఏదో తిట్టి, మలుపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. బొంగరం బస్సుకి టాటా చెప్పి, తాపీగా నడుచుకుంటూ అమ్మ దగ్గరికొచ్చింది.

"రోడ్డు మీద కూర్చున్నావేంటి? బట్టలు మాసిపోవూ?"

అమ్మ పిల్లని లాక్కుని గుండెలకి అదుముకుంది. కొట్టాలనుకున్న చెయ్యి వీపు నిమిరింది. ఏడుపు ఆపుకుందామనుకుంది, ఆగలేదు. బొంగరం ఆ పట్టులోంచి తల బయటికి తీసి ఊపిరి పీల్చుకుంది.

"ఓడిపోతే ఏడుస్తారేంటమ్మా? నేను ఏడవడం మానేశా కదా."

"ఎందుకొచ్చావే? చెప్పకుండా ఎందుకొచ్చావు?"

"ప్రాక్టీసు వచ్చేసింది కదా! నాకు తెలుసు, వచ్చేసింది."

"పడుకోక ఈ పరుగెందుకే నీకు?"

 బొంగరం అమ్మ చొక్కా బొత్తాం ఒకటి పట్టుకుని తిప్పుతూ నిలబడింది. చెబితే అమ్మ తిడుతుందేమోనని దాని భయం.

"నేను రోజూ లేస్తా. కిటికీలోంచి చూస్తా. నువ్వు మొదట వస్తావు కదా, అప్పుడు మామూలుగానే ఉంటావు. మళ్ళీ వచ్చినప్పుడు నవ్వుతూ వస్తావు. ఎవరూ లేకపోయినా నవ్వుతావు. మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసరికి అది ఉండదు." గోడవైపు, రోడ్డువైపు, మైదానంవైపు వెతుకుతున్నట్టు చూసింది. "ఎక్కడ పెట్టేసి వస్తున్నావో చూద్దామని వచ్చా. తీసుకొచ్చేద్దామని."

  ఇంకో బస్సు వాళ్ళని దాటుకుని డిపోలోకి మళ్ళింది. దూరంగా లాండ్రీ తాతయ్య నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. ఆమె లేచి, ఏం ఫరవాలేదన్నట్టు ఆయనకి చెయ్యి ఊపింది. పిల్ల బూట్లు విప్పి, కుడిది కుడికి, ఎడమది ఎడమకి తొడిగింది. గౌను ముడి కట్టింది. బొంగరం చెయ్యి గట్టిగా పట్టుకుని గేటు దగ్గర ఆగి, తొంగిచూసి, దాటించింది.

"ఇటా ఉంది?" అని గుసగుసగా అడిగింది బొంగరం.

"ఊఁ. పద."

పరిగెత్తారు. మైదానం దాకా పరిగెత్తారో లేదో బొంగరానికి దాహమైంది, తర్వాత కాళ్ళు నొప్పెట్టాయి. ఎత్తుకోమంది. ఎత్తుకుంది. నడుం మీద కూర్చుని పిల్ల అటూ ఇటూ చూడలేదు. కుక్కపిల్ల కనబడినా చూడలేదు. తిన్నగా అమ్మ మొహంలోకే, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా, రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది. ఆ చూపు తట్టుకోలేక ఆమె నవ్వింది. పెదాలు సాగదీసి, పళ్ళు కనబడేలా, వీలైనంత బాగా నవ్వింది.

బొంగరం తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది.

"ఇది కాదమ్మా" అంది.